మూడు గంటల ముందు

హైదరాబాద్‌లో చెల్లి ఇంటికి నాన్నని తీసుకెళ్లాలి. రైలా, విమానమా?

మా చోడవరానికి రైలు లేదు, అనకాపల్లి వెళ్లి ఎక్కాలి. అక్కణ్ణుంచి రాత్రంతా ప్రయాణం. విమానం గాల్లో ఉండేది గంటంపావే. కానీ విశాఖ ఎయిర్‌పోర్టుకి గంటన్నర, అక్కడ రెండు గంటల ముందుండాలి, శంషాబాద్ నుంచి ఊళ్లోకి మరో గంట. మొత్తం ఆరు గంటలు.

నాన్న రైలుకే మూడు గంటల ముందెళ్తాడు. చిన్నప్పుడు విసుక్కునేవాణ్ణి. "ఆలీసమైతే మనకోసం ఎవుడాపుతాడ్రా?" అనేవాడు.

పీహెచ్‌డీ రోజుల్లో అంబేడ్కర్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' చదివాకే ఆ మాట అర్థమైంది. 1901లో తండ్రి దగ్గరికి బయల్దేరిన ఆ పిల్లలు మసూర్ స్టేషన్లో దిగారు. తీసుకెళ్లడానికి ఎవరూ రాలేదు. మహార్లమని చెప్పగానే స్టేషన్ మాస్టర్ మొహం మారిపోయింది. బళ్లవాళ్లు రామన్నారు. చివరికి రెట్టింపు కిరాయికి, బండి పిల్లలే తోలుకునే షరతు మీద ఒకడు ఒప్పుకున్నాడు.

ఆలస్యమైతే సాయం అడగాలి. అడిగితే "మీరెవుళ్లు?" అంటారు. ఆ ప్రశ్న ఎదురవకుండా నాన్న తన గంటలు ధారపోశాడు.

విమానం టికెట్లే తీశాను. "రెండు గంటల ముందు రమ్మన్నారు నాన్నా" అన్నాను.

"అందర్నీనా?"

"అందర్నీ."

కాసేపాగి అన్నాడు: "అయినా మనం మూడు గంటలకి ముందెళ్లిపోదాం."