స్వగ్రామం

పాఠశాల అనే మాట వినగానే మన మనస్సులో ఒక శుభభావన కలుగుతుంది. అక్షరాభ్యాసాన్ని పండుగగా జరుపుకొనే సమాజం మనది. అటువంటి పాఠశాల కొందరి పిల్లల పాలిట శిక్షగా పరిణమించగలదన్న సంగతిని చరిత్ర విద్యార్థిగా నేను గ్రంథాలలో చదివాను. దానిని ఒక మనిషి ముఖంలో చూచింది మాత్రం ఉద్యోగంలో చేరిన తరువాతనే.

పదిహేనేళ్ళ క్రిందట కోస్తాలోని ఒక మండల కార్యాలయంలో పనిచేస్తున్నాను. ఒక మధ్యాహ్నం ఎరుకల కుటుంబానికి చెందిన తల్లీ కొడుకులు కులధ్రువీకరణ పత్రం కోసం వచ్చారు. కుర్రవాడు డిగ్రీ ముగించి ఉద్యోగ ప్రయత్నంలో ఉన్నాడు. దరఖాస్తులో అన్ని గడులూ పొందికగా నింపి, 'స్వగ్రామం' అన్న గడిని మాత్రం ఖాళీగా వదిలాడు. కారణమడిగితే తల వంచుకొని, "సార్, ఊరి పేరు లేకుండా మండలం పేరు ఒక్కటే వ్రాయడానికి వీలుంటుందా?" అన్నాడు. వారిది ఒకప్పటి సెటిల్మెంటు గ్రామం.

తల్లి అతనితో ఎరుకల భాషలో ఏదో అన్నది. అతడు తెలుగులో, అదీ గొంతు తగ్గించి, "నువ్వుండమ్మా" అన్నాడు. అప్పుడామె నా వైపు తిరిగింది. "హాస్టల్లో ఎవరి పెన్ను పోయినా ముందు వీడి పెట్టే వెతికేవోళ్ళు బాబుగారూ. సెలవులకి ఇంటికొచ్చినా మా మాట మాట్లాడడు. మాట పట్టిచ్చుద్దని భయం" అన్నది.

ఆ రాత్రి, ఎం.ఏ. పరీక్షల కోసం నేను వల్లించిన ఒక చట్టం జ్ఞప్తికి వచ్చింది. బ్రిటిష్ ప్రభుత్వం 1871లో చేసిన నేరస్థ జాతుల చట్టం మొదట ఉత్తరాది ప్రాంతాలకు పరిమితమై, 1911 నాటి చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకి విస్తరించింది. పుట్టుకనే నేరంగా నిర్ణయించిన చట్టమిది. ఎరుకలవారు తీరప్రాంతపు ఉప్పును పశువులపై వేసుకొని లోపలి గ్రామాలకు చేర్చి, తిరిగి వస్తూ ధాన్యం తెచ్చేవారు. వారిలో బుట్టలల్లేవారు, ఎరుక చెప్పేవారు ఉండేవారు. దొరతనం వారి ఉప్పు విధానం, రైలుమార్గాలు ఆ వర్తకాన్ని దెబ్బతీశాయి. అటవీ చట్టాలు అడవినీ పచ్చిక బయళ్ళనూ దూరం చేశాయి. బ్రతుకుతెరువు పోయి తిరుగాడుతున్న వారికి ప్రభుత్వం పెట్టిన పేరు 'నేరస్థ జాతి'.

ఆ చట్టంలోని ఒక నిబంధనను పరీక్షలో నేను ఒక్క వాక్యంలో ముగించి ఉంటాను. ఆరేళ్ళు పైబడి పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లలను తల్లిదండ్రుల నుండి వేరుచేసి, సంస్కరణ పాఠశాలలలో ఉంచే అధికారం ప్రభుత్వానికి ఉండేది. ఇవతల నేటి బాపట్ల జిల్లాలోని స్టూవర్టుపురం సెటిల్మెంటును సాల్వేషన్ ఆర్మీ నిర్వహించింది. కావలిలోనూ సిద్ధాపురంలోనూ ఇటువంటి సెటిల్మెంట్లే వెలిశాయి. అన్నిచోట్లా పిల్లలను వేరుచేశారని కాదు. ఆ అవసరం లేకుండా ఊరే ఒక నిర్బంధ వసతి పాఠశాల అయింది. హాజరు వేయించుకోవాలి, అనుమతి చీటీ లేకుండా పొలిమేర దాటరాదు. పిల్లవాడు బడిలో నేర్చుకున్న మొదటి పాఠం, తన తల్లిదండ్రులు దిద్దవలసిన మనుషులన్నదే.

ఇది మన దేశానికే పరిమితమైన ఉదంతం కాదు. కెనడాలో 1880ల నుండి ప్రభుత్వ ధనంతో, చర్చి సంస్థల నిర్వహణలో నడచిన వసతి పాఠశాలలలో సుమారు 1,50,000 మంది ఆదివాసి బాలబాలికలు పెరిగారు. అక్కడ మాతృభాషలో పలికినందుకు దండించేవారు. చివరి పాఠశాలలు 1990లలో గాని మూతపడలేదు. 2008లో ఆ దేశ ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. 2015లో సత్యశోధన సంఘం దానిని సాంస్కృతిక జాతిహననంగా పేర్కొన్నది. ఆ పిల్లలు పెద్దవారై తమ బిడ్డలకు సొంత భాషను అందించలేకపోయారనీ, గాయం తరం నుండి తరానికి సంక్రమించిందనీ ఆ సంఘం నమోదు చేసింది.

మన దేశంలో ఆ చట్టం 1952లో రద్దయింది. అయితే ఆ ఖాళీలో అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చి చేరాయి. స్వతంత్ర భారతంలో వసతి గృహాలు వెలసినది నిఘా కోసం కాదు, సమానత్వం కోసం. ఈ భేదాన్ని విస్మరించడం అన్యాయం. ఆ గడపల నుండే ఎందరో ఉపాధ్యాయులు, ఉద్యోగులు వచ్చారు. కాని ఆశయం మారినంత త్వరగా చూపు మారదు. పెన్ను పోయినప్పుడు ఆ కుర్రవాని పెట్టె వైపు కదిలిన చేతులు ఏ చట్టాన్నీ చదివి ఎరుగవు. రద్దయిన చట్టం వాటిలో అలవాటుగా మిగిలింది.

ఆనాడు నేను పత్రంలో ఊరి పేరు వ్రాశాను. మరోలా వ్రాయడానికి నిబంధనలు ఒప్పుకోవు. కుర్రవాడు దానిని ఒకసారి చదువుకొని, ఊరి పేరు లోపలికి వచ్చేటట్లు మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. తల్లి నాకు నమస్కరించింది. ఆ నమస్కారానికి నేను అర్హుడనని ఈనాటికీ అనుకోను.

అటుపిమ్మట వసతి గృహాల తనిఖీకి వెళ్ళినప్పుడల్లా బియ్యం నిల్వలూ హాజరు పట్టీలూ చూచిన తరువాత మరొక పని చేస్తున్నాను. పిల్లలను కూర్చోబెట్టుకొని, "మీ అమ్మ ఇంట్లో ఏ భాష మాట్లాడుతుంది? ఆ భాషలో నీళ్ళను ఏమంటారు?" అని అడుగుతాను. మొదట ఎవరూ పెదవి విప్పరు. ఎవరో ఒకరు నెమ్మదిగా చెబుతారు. తోటివారు నవ్వితే, ఆ మాటను నేను బిగ్గరగా పలుకుతాను, వార్డెన్ చేతనూ పలికిస్తాను. ఇది ప్రాయశ్చిత్తం కాదు, చాలా చిన్న పని. కాని తన ఊరి పేరును ఒక బిడ్డ మడతలో దాచుకోనక్కరలేని రోజు రావాలంటే, ముందుగా మారవలసింది ఆ కాగితం ఇవతలి వైపు కూర్చున్న మావంటి వారే.