కలకత్తా హైకోర్టు దర్శనము

కలకత్తా నగరమునకు బోవు మనవారు కాళీఘాటును, దక్షిణేశ్వరమును సేవించి మరలుదురు. హుగ్లీనది చెంతనున్న హైకోర్టును జూడవలెనని తోచువారరుదు. మొన్న వేసవి సెలవుల తొలివారమున మేమచటి కేగితిమి. మా ఆడుబిడ్డ కుమార్తెయు మాతో వచ్చినది. ఆమె న్యాయశాస్త్రము చదివి, ఒక చిన్నపట్టణమున రెండేండ్లుగా వకీలుపని చేయుచున్నది. ఈ దర్శనము ఆమె కోరినదే.

హావడా రేవున లాంచీ యెక్కి, నది దాటి, బాబూఘాటున దిగి కొంత నడచితిమి. ఎఱ్ఱని యిటుకల గోడలు, కోసుగా లేచిన కమానులు, 180 అడుగుల గోపురము కనుల కెదురైనవి. బెల్జియమునందలి ఈప్ర్ నగరపు వస్త్రశాలను నమూనాగా గొని కట్టిన యీ భవనము 1872లో పూర్తియైనది. కోర్టు మాత్రము అంతకు పదియేండ్ల ముందే, 1862లో, ఏర్పడినది.

ఈ కోర్టుననే 1916లో రెజీనా గుహ యను విదుషి తనను ప్లీడరుగా జేర్చుకొనుమను కోరికపై తీర్పు వినవలసి వచ్చెను. ఆమె ఎం.ఏ., బి.ఎల్. పట్టములు పొందినది. అయిదుగురు న్యాయమూర్తులు కూడి విచారించిరి. 1879 నాటి చట్టము ‘తగిన వ్యక్తులు’ ప్లీడర్లు కావచ్చుననుచున్నది. ఆ వ్యక్తులలో స్త్రీ చేరదని వారు తేల్చిరి. ఈ నగరపు విశ్వవిద్యాలయము చదువు చాలునని పట్టమిచ్చినది. ఈ నగరపు కోర్టు స్త్రీవి గనుక పనికిరావన్నది. 1921లో పాట్నా కోర్టు సుధాంశుబాల హాజ్రా గారికిని ఇట్లే చెప్పెను. అదే సంవత్సరమున అలహాబాదు కోర్టు కొర్నీలియా సొరాబ్జీ గారిని చేర్చుకొన్నది!

ఈ కథ వినగానే మాకు సభాపర్వము జ్ఞప్తికి వచ్చెను. తానే దాసుడైనవాడు భార్యను పణముగా నొడ్డుటకు హక్కు గలవాడా యని ద్రౌపది నిండుసభలో అడిగినది. అది వట్టి యేడ్పు కాదు, న్యాయవాదము. విదురుడు, వికర్ణుడు తప్ప పెద్దలెవ్వరును సూటిగా బదులు పలుకరైరి. ఆ కథ యెరిగిన మనదేశమున వాదించు నేర్పు స్త్రీకి లేదని యెవ్వరనగలరు?

1923లో ప్రత్యేకచట్టము వచ్చి ఆ యడ్డు తొలగినది. సొరాబ్జీ గారు మరుసటియేట ఈ కోర్టుననే వృత్తి నారంభించిరి. అయినను నిలిచి వాదించుపని ఆమెకు దక్కలేదు. అభిప్రాయములు వ్రాసియిచ్చు పనియే ఆమె పాలికి వచ్చినది. మన ఆంధ్రప్రదేశపు హైకోర్టున అమరేశ్వరి గారు తొలి మహిళా న్యాయమూర్తి యగుటకు 1978 రావలసి వచ్చెను. 1950లో వెలసిన సుప్రీంకోర్టున ఫాతిమా బీవీ గారు 1989లో గాని కూర్చుండలేదు. 2021 ఆగస్టు 31న ముగ్గురు స్త్రీలు ఒక్కనాడే అక్కడ ప్రమాణము చేసిరి.

‘‘ఇపుడు నీకేమి యడ్డు తల్లీ?’’ యని మా అమ్మాయి నడిగితిమి.

‘‘చట్టము అడ్డు లేదత్తయ్యా. కక్షిదారు వచ్చి, వకీలుగారు లేరా అమ్మాయీ అని నన్నే అడుగును. పొలము దావాల కట్టలు మగవారి బల్లపైకి బోవును. మనోవర్తి కట్టలు నాకు వచ్చును. ప్రొద్దుపోయినదాక కాగితములు చూచుచుంటినా, ఇంట అమ్మకు బంధువుల ప్రశ్నలు!’’

సోదరీమణులారా! కోర్టు తలుపు చట్టముతో తెరువబడినది. కక్షిదారు మనసు తెరచుట చట్టముచేత గాదు. ఆ కక్షిదారులు మన యిండ్లనుండియే పోవుదురు గదా! మీ యింట పొలము తగవు వచ్చినపుడు, మీ యూరిలో సమర్థురాలైన వకీలమ్మ యున్నచో, దస్తావేజులు తీసికొనిపోయి ఆమె బల్లమీద పెట్టించుడు. రాత్రి ఆలస్యముగా వచ్చిన కోడలు చేతిలో కేసు కట్టలున్నచో, ఏల ఆలస్యమని యడుగక ముందు అన్నము వడ్డింపుడు.