చేప దేనితో నీదును?

మా యింట చేప వండుట లేదు. నలువది యేండ్లు దాటువరకును నేను చేపను చేతితో తాకి యెరుగను. అయినను ఇరువది సంవత్సరములుగా బాలబాలికలకు చేపనుగూర్చి పాఠము చెప్పుచునే యుంటిని. ఆనందపురము సముద్రమునకు మిక్కిలి దూరమైన యూరు కాదు. భీమునిపట్నపు టొడ్డునుండి జాలరి స్త్రీలు గంపలతో మా జాతీయ రహదారి కూడలికి వచ్చి చేపల నమ్ముదురు. నేను ముక్కునకు కండువా యడ్డము పెట్టుకొని యవతలి ప్రక్కగా పోవువాడను.

పోయిన యేడు తరగతిలో “చేప వాజములను తెడ్లవలె నాడించి యీదును” అని బల్లమీద వ్రాసితిని. వాజములనగా రెక్కలే, పాఠ్యపుస్తకము వానికిచ్చిన గౌరవనామ మది. వెనుక వరుసనుండి యొక పిల్లవాడు లేచి, “కాదండి మాస్టారూ, రెక్కలు వొరిగిపోకుండా నిలబడ్డానికండి. ఈదేది తోకతోనండి” అనెను. వాడు మేనమామ యింట నుండి చదువుకొనుచున్నాడు. తల్లి కూడలిలో చేపలమ్మును. “ఇది చేపల బజారు కాదు, కూర్చో” అంటిని. తరగతి యంతయు నవ్వెను. నేనును నవ్వితిని, దాచుట యెందుకు? పరీక్షలో వాడు మరల ‘తోక’ యనియే వ్రాసెను. నేను సున్న వేసితిని. అటుపిమ్మట వాడు తరగతిలో నోరు విప్పలేదు.

నా కన్నులు తెరిపించినది పశ్చాత్తాపమని చెప్పుకొనుటకు వీలులేదు, నిఘంటువు. వేరొక పనిమీద పుటలు తిరుగవేయుచుండగా వాజ శబ్దము కనబడినది. వాజమనగా రెక్క, బాణమునకు వెనుక కట్టు పింజ కూడ వాజమే. బాణమును పోనిచ్చునది వింటినారి గదా! పింజ దానిని వంకర పోకుండ తిన్నగా నుంచును, అంతే. పిల్లవాడు చెప్పినది నిదియే. సంస్కృతము చదివితినని గర్వపడువాడను, ఇరువది యేండ్లు నోట నానిన మాట యర్థమును వినిపించుకొననైతిని.

అప్పటికిని నమ్మకము కుదరక చెరువునుండి నాలుగు పరిగె పిల్లలను తెప్పించి గాజు తొట్టిలో వేసితిని. “మడిగది వైపు మాత్రం తేకురా నాయనా” అని మా యమ్మ గోల పెట్టినది. నా భార్య మాత్రము తొట్టిని కిటికీ వెలుగున పెట్టి నాకంటె ముందుగనే చూడసాగెను. “ఊరికే నిలిచినప్పుడు చూడండి, రొమ్ము రెక్కలు విసనకర్రల్లా ఆడుతూనే ఉన్నాయి” అని చూపినది ఆమెయే. చేపకు నీటిలో కదలక నిలుచుట గూడ నొక పనియే. చచ్చిన చేప తరచుగా వెల్లకిల తేలుట మన మెరుగుదుము. ఆ దొరలుటను బ్రదికిన చేప రెక్కలతో నిమిషనిమిషమును దిద్దుకొనుచుండును. గాజుపై వ్రేలితో తట్టగానే రొమ్ము రెక్కలు దేహమున కంటుకొనిపోయినవి, తోక కొట్టినది, చేప యావలి మూల నుండెను. తెడ్లే యైనచో పరుగు వేళ నేల ముడుచుకొనవలెను?

మరునాడు కూడలికి పోయి ఆ పిల్లవాని తల్లి గంపయొద్ద నిలిచితిని. ఆమె యొక కానాగర్తను నా యరచేత పెట్టి, “తోకమొదట్లో పట్టుకు సూడండి బాబూ, బలమంతా అక్కడే ఉంటాది” అనెను. నిజమే, అచ్చట సన్నమై, తాడువలె గట్టిగా నున్నది. ఈ జాతిలో ముందరి దేహ మంతగా వంగదు. వంపు వెనుకకు సాగినకొలది పెరిగి, తోక నీటిని విసురుగా వెనుకకు త్రోయును. ఆ నీరే చేపను ముందునకు త్రోయును. వీపు రెక్కయు, దానికెదురుగా క్రిందనున్న రెక్కయు దొరలకుండ కాయును. తోకకు ముందు పైన నైదు, క్రింద నైదు చిట్టి రెక్కలున్నవి. రొమ్ము రెక్కలు మలుపునకును ఆగుటకును. చేతి వాసన సాయంకాలమువరకు పోలేదు.

ఈ కానాగర్త పేరునకు గొప్ప చరిత్ర గలదు. పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు వైద్యుడు 1780 ప్రాంతముల విశాఖపట్నమున నుండి యిచటి చేపలను సేకరించి, 200 చేపల చిత్రములతో 1803లో లండనులో గ్రంథము ప్రకటించెను. అందు చేపల కిచటి వాడుక పేళ్లనే యిచ్చెను. 1816లో కువ్యే యను ఫ్రెంచి పండితుడు ఆ గ్రంథమునుండియే పేరు గైకొని దీని శాస్త్రనామమున నిలిపెను. నేటికిని లోకమందలి శాస్త్రజ్ఞులెల్లరు దీనిని ‘కనగుర్త’ యనియే వ్రాయుదురు. ఐరోపా పండితులు మన్నించిన భాష యది. నేను కూర్చోమన్న భాషయు నదియే.

సోమవారమునాడు తరగతిలో నా తప్పు చెప్పి, ఆ పిల్లవాని సున్నను కొట్టివేసి మార్కు లిచ్చితిని. పాత వాక్యము తుడిచి “చేప తోకతో నీదును” అని వ్రాయుచుండగా వెనుక వరుసలో చేయి లేచినది.

“మాస్టారూ, టేకు చేప మాత్రం రెక్కలతోనే ఈదుతాదండి.”

ఈసారి నెవ్వరును నవ్వలేదు. టేకు రొమ్ము రెక్కలు పళ్లెమువలె విప్పారి, అలలుగా నాడుచు దానిని నడుపునని వాడు రెండు చేతులతో చూపెను. చిలుక చేప మొదలైనవి గూడ రొమ్ము రెక్కలతోనే యీదునని తరువాత చదివితిని. నా తెడ్లమాట పూర్తిగా నబద్ధము కాదన్నమాట! సుద్దముక్క చేతనే యుండెను గనుక, వాక్యమునకు ముందు ‘సాధారణముగా’ అని చేర్చితిని.