ఉప్పు తిన్న లారీ

హౌరా నుంచి చెన్నపట్నం వైపు వచ్చే రైలు పలాస, పూండి దాటాక నౌపడ జంక్షన్ చేరుతుంది. శ్రీకాకుళం జిల్లాలో ఈ పేరు వినగానే రెండు సంగతులు గుర్తుకొస్తాయి. ఒకటి ఉప్పు, రెండవది పర్లాకిమిడి చిన్నరైలు. పర్లాకిమిడి రాజావారు వేయించిన ఆ రైలు 1900లో నడక మొదలుపెట్టింది. పట్టాల మధ్య ఎడం రెండున్నర అడుగులే! 1931 నాటికి అది గుణుపురం దాకా సాగింది. 2004లో చిన్నరైలు ఆపి, పట్టాలు మార్చారు. 2011 నాటికి పెద్దరైలు గుణుపురం చేరింది.

ఆ చిన్నరైలును లాగిన ఆవిరి ఇంజన్లు పిలవగానే పలికే రకం కావు. తెల్లవారి బండికి ఎంతో ముందుగానే నిప్పు రాజెయ్యాలి. నీరు కాగి, ఆవిరి పట్టుకునేదాకా కాచుకోవాలి. బండి కదలకపోతే నిప్పు చూడాలి, నీరు చూడాలి, ఆవిరి చూడాలి. ఇప్పుడు ఆ బాధ లేదు, తాళం తిప్పితే చాలు. కాని తిప్పినా పలకకపోతే ఏం చెయ్యాలో నౌపడ ఉప్పు మడుల గట్టుమీదే నేను కళ్ళారా చూశాను.

మే నెల. ఉప్పు పంటకు మంచి అదను. సముద్రపు నీటిని పెద్ద మడుల్లోకి పెడతారు. ఎండకీ గాలికీ అది చిక్కబడ్డాక చిన్న మడుల్లోకి మళ్ళిస్తారు. అక్కడ ఉప్పు కడుతుంది. దాన్ని గోకి గట్టుమీద కుప్ప పోస్తారు. మండుటెండలో వట్టికాళ్ళతో చేసే పని అది. అంత కష్టమూ ఒక్క వానతో నీళ్ళ పాలవుతుంది.

నేను వెళ్ళిన రోజు సాయంకాలం పడమటి దిక్కున మబ్బు కమ్ముతోంది. గట్టుమీద నిండా ఉప్పెత్తిన లారీ ఒకటి నిలబడి ఉంది. అది వెళ్ళి సరుకు దింపి, తిరిగి వస్తేగాని మిగిలిన కుప్ప కదలదు. కూలి ఆడవాళ్ళు గంపలు బోర్లించుకుని కూర్చున్నారు. డ్రైవరు తాళం తిప్పాడు. “టక్” మన్నది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ “టక్.” అంతే! బండి ససేమిరా అన్నది.

“తోసి చూస్తేనో?” అన్నారెవరో. మెత్తని గట్టుమీద నిండు లోడు లారీని తోయడం ఎవరి తరం?

“ఏటి బాబూ, మబ్బు సూసినావా? మా కూలి ఇందులో కరిగిపోతాదేటి?” అన్నదొక ముసలమ్మ డ్రైవరుతో. ఆమె మాటలో కోపం కంటె దిగులే ఎక్కువగా ఉంది. బేటరీ పోయి ఉంటుందనీ, టెక్కలి నుంచి కొత్తది తెప్పిస్తాననీ లారీ యజమాని ఫోనులో అంటున్నాడు.

ఇంతలో మోటారు సైకిలు మీద మెకానిక్కు వచ్చాడు. నడివయసు మనిషి, తొందర లేని మనిషి.

“బేటరీ మాట ఒగ్గీండి బాబూ. రోగం తెలీకుండా మందు కొనీస్తారేటి?” అని, ముందు హెడ్‌లైట్లు వెయ్యమన్నాడు. దేదీప్యమానంగా వెలిగాయి. అలాగే ఉంచి తాళం తిప్పమన్నాడు. “టక్” మన్నదే గాని లైట్ల వెలుగు తగ్గలేదు.

“సూసినారా? బేటరీ సచ్చిపోతే లైటు డీలా పడిపోను. బలం ఉన్నాది. ఆ బలం ఇంజను దాకా ఎల్లడం నేదు.”

డీజిలు సంగతి అడిగాను. అతను నవ్వాడు. డీజిలు ఇంజనుకు నిప్పురవ్వ అక్కర్లేదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే నూనె మండుతుంది. కాని ముందు ఇంజను తిరగాలి కదా! తిరగని ఇంజనుకి డీజిలు అందిందా లేదా అన్నది తరువాతి ప్రశ్న.

బేటరీ కొసల మీద పేరుకున్న తెల్లని పొడిని గోకి, బోల్టులు బిగించాడు. ఫలం లేదు. అప్పుడొక లావుపాటి వైరు తీసి, ఒక కొస ఇంజను ఇనుముకీ, రెండో కొస బేటరీ నెగెటివ్‌కీ పట్టించాడు. “ఇప్పుడు తిప్పు తమ్ముడా!”

లారీ ఒక్కసారిగా గర్జించింది. ఆడవాళ్ళు చటుక్కున లేచారు.

జబ్బు ఎక్కడున్నదో అప్పుడు అందరికీ చూపించాడు. బేటరీ నుంచి బయలుదేరిన కరెంటు, సెల్ఫ్ మోటారును తిప్పాక ఇంజను ఇనుము మీదుగా తిరిగి బేటరీకి చేరాలి. అలా చేరడానికి ఇంజనుకీ ఛాసీకీ మధ్య అల్లిక తీగ ఒకటుంటుంది. ఎర్తు పట్టీ అంటారు. అది తుప్పుతో తినేసి, నాలుగు పోగులు మిగిలింది. లైట్లకు ఆ దారితో పనిలేదు, అందుకే అవి వెలిగాయి. సెల్ఫ్ మోటారుకు కావలసినంత కరెంటుకు ఆ నాలుగు పోగులు ఏం చాలుతాయి!

దోషం ఉప్పుదే. మడిలో ఉప్పు కట్టగా మిగిలే చేదునీటిలో మెగ్నీషియం లవణాలుంటాయి. ముడి ఉప్పుకు అవి కాస్త అంటుకునే ఉంటాయి. అవి గాలిలోని చెమ్మను పీల్చుకుంటాయి కనుక ఇనుము మీద పడిన ఉప్పు ఆరదు. ఉప్పునీరు కరెంటును బాగా పారనిస్తుంది. తుప్పుకు అంతకంటె ఏం కావాలి?

పెద్దలు ఉప్పు తిన్న విశ్వాసం అంటారు. లారీకి మాత్రం ఆ సామెత చెల్లదు.

మెకానిక్కు పాత పట్టీ విప్పి, అది బిగించే చోటును ఉప్పుకాగితంతో తళతళలాడేలా రుద్ది, కొత్తది వేసి పైన గ్రీజు పూశాడు. ఉప్పు తెచ్చిన రోగానికి ఉప్పుకాగితమే వైద్యమైంది! వారానికొకసారి అడుగుభాగాన్ని మంచినీళ్ళతో కడగమని డ్రైవరుకు చెప్పాడు. కొత్త బేటరీ ఖరీదులో అతను పుచ్చుకున్నది ఏపాటి?

లారీ వెళ్ళి, దీపాలవేళకు తిరిగి వచ్చింది. కుప్పలో సగం పైగా ఎత్తేసరికి చినుకులు మొదలయ్యాయి. మిగిలినదాని మీద ఆడవాళ్ళు గబగబా తాటాకులు కప్పారు. అంచుల్లో కొంత కరిగి కాలవలోకి పోయింది. ముసలమ్మ కొంగు పిండుకుంటూ, “సగం దక్కినాది, సాలు” అన్నది.

నౌపడ వెళ్ళేవారు దగ్గరలోనే ఉన్న తేలినీలాపురం కూడా చూసి రండి. చలికాలంలో అక్కడి చెట్లనిండా గూడబాతులుంటాయి. సొంత బండి మీద వెళితే తిరిగి వచ్చాక దానికి మంచినీళ్ళతో స్నానం చేయించడం మరవకండి. ఎప్పుడైనా అది “టక్” మని ఊరుకుంటే, కొత్త బేటరీకి పరుగెత్తే ముందు ఒకసారి లైటు వేసి చూడండి.