మా పెరటి మెట్టతామరలు

మా పాత్రపూర్ ఇంట్లో నూతిపళ్లెం నీరు పారే చోట మెట్టతామరలున్నాయి. ఒడియావారు వీటిని సర్వజయ అంటారు. మా పిల్లల నోట ఆ పేరే ముందు వస్తుంది. ఈ మొక్క పుట్టిల్లు అమెరికా ఖండమట. మా అమ్మగారి లెక్కలో మాత్రం ఇచ్ఛాపురమే. అక్కణ్నుంచి కాపురానికి వస్తూ ఆమె దుంప తెచ్చుకున్నారు.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. తెల్లవారి చూస్తే మునగచెట్టు కూలింది, మెట్టతామరలు నేలకు అంటుకుపోయాయి. అమ్మగారు వాటిని కొడవలితో మొదలంటా కోయించారు. ప్రాణమంతా దుంపలోనే కదా, నెల తిరక్కుండా కొత్త పిలకలు లేచాయి.

దీనికి కావలసింది ఎండ, తడి, పెంట ఎరువు. పూత అయిపోయిన కాడను కోసేస్తే పక్కపిలక బలుస్తుంది. ఆకును చుట్టుకొని లోపల దాగే పురుగును విప్పి ఏరాలి. ఆదివారాలు ఆఫీసు లేదు గనుక ఆ ఉద్యోగం మాది. గింజ సీసపు గుండంత గట్టిది, తొక్క అరగదీసి నానబెడితేగాని మొలవదు. రెండు మూడు కళ్లున్న దుంప ముక్క పాతడమే సులువు.

ఇప్పుడు మా తమ్ముడు పెరడంతా సిమెంటు చేయిద్దామంటున్నాడు. వానాకాలపు బురద మేమూ తొక్కుతున్నాం, కాదనలేము. అమ్మగారు ఏమీ అనలేదు. మొన్న గునపం తెప్పించి, దుంపలు విడదీయించి, వీధిలో నాలుగిళ్లకూ, బరంపురంలో మా చెల్లెలికీ పంపారు. ఒక గంపెడు మాత్రం తడి గోనె కప్పి మెట్ల పక్కన ఉంచారు. అవి ఎక్కడ పాతాలో ఇంకా చెప్పలేదు.