ఆఖరి శనివారం, కిగాలీ కొండవాలున

నెలలో ఆఖరి శనివారం పొద్దున ఎనిమిదికల్లా కిగాలీలో కొట్ల షట్టర్లు దిగిపోతాయి. బస్సులు నిలిచిపోతాయి, మోటార్‌సైకిల్ టాక్సీల రొద సద్దుమణుగుతుంది. పదకొండు దాకా అంతే. రువాండా అంతటా ఆ మూడు గంటలూ ఉముగాండాకి. పద్దెనిమిదేళ్ళు నిండి అరవై అయిదు దాటని, ఒంట్లో సత్తువున్న వాళ్ళంతా తమ పేటలో ఊరి పనికి రావాలి. కారణం లేకుండా మానేస్తే 5,000 ఫ్రాంకుల దాకా జరిమానా వేయొచ్చంటుంది 2007 నాటి చట్టం.

చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళకి ఈ నిర్బంధం లేదు. అన్నయ్య ఉద్యోగరీత్యా అక్కడే కాపురం ఉంటున్నాడు, తను వెళ్తుంటే నేనూ బయల్దేరాను. "చెప్పులొద్దయ్యా, బూట్లేసుకో. రాత్రి వాన పడింది, వాలు జారుతుంది" అంది వదిన.

కిగాలీలో చదునైన నేల తక్కువ. ఇళ్ళన్నీ కొండల మీదే. వాన పడితే ఎర్రమట్టి కొట్టుకొచ్చి కాలువలు పూడిపోతాయి, నీళ్ళు ఇళ్ళ మీదకి మళ్ళుతాయి. మా పేటకి ఆ రోజు ఒప్పజెప్పిన పని దారి పక్క కాలువలో పూడిక తీయడం, గట్ల మీద గడ్డి కోయడం. బ్యాంకు ఉద్యోగి ఎత్తిన మట్టిని కూరగాయలమ్మే ఆవిడ అందుకుంటోంది. నా పక్కనున్న పెద్దావిడ నేను గుద్దలి ఎత్తే తీరు చూసి, నా చేతులు పట్టుకుని పిడి మీద కాస్త కిందికి జరిపింది. మాట కలవకపోయినా పని కుదిరింది. తీసిన మట్టిని పారబొయ్యలేదు, వాలు మీద నాటిన చెట్ల మొదళ్ళకి వేశారు.

గడ్డి కోసేవాళ్ళ చేతుల్లో పొడవాటి కత్తులున్నాయి. వాటిని చూస్తూ పని చేయడం మొదట కష్టమైంది. 1994లో నూరు రోజుల్లో ఎనిమిది నుంచి పది లక్షల మంది, ఎక్కువగా టుట్సీ తెగవాళ్ళు, హతమయ్యారు. ఎందరో ఇలాంటి కత్తులకే బలయ్యారు, అదీ ఇరుగుపొరుగు చేతుల్లో. నగరంలోని గిసోజి స్మారకం దగ్గరే రెండున్నర లక్షల మందికి పైగా సమాధుల్లో ఉన్నారు. ఉముగాండాకీ ఆ మారణకాండతో ముడి ఉంది. 1970లలో అప్పటి ప్రభుత్వం దాన్ని వారం వారం నిర్బంధ పనిగా మార్చింది. ఆ అలవాటునీ, జనాన్ని పోగుచేసే ఆ యంత్రాంగాన్నే హంతకులు రోడ్ల మీద కాపలాలకీ, వేటకీ వాడుకున్నారు. అలా మైలపడ్డ ఆచారాన్ని 1998లో మళ్ళీ నిలబెట్టారు. వదిలేస్తే తేలికయ్యేది. వదలకుండా అదే కత్తికి గడ్డి కోసే పని అప్పజెప్పడం నాకు చాలా పెద్ద ధైర్యంగా కనబడింది.

నిర్బంధం సంగతీ నన్ను వదల్లేదు. మన కోస్తా, రాయలసీమ ఊళ్ళలోనూ చెరువుల బాగుకి ఊరంతా కదిలే కుడిమరామత్తు ఉండేది. 1858లో మద్రాసు ప్రభుత్వం గండ్లు పడే వేళల్లో రైతుల చేత పని చేయించడానికి చట్టమే తెచ్చింది. సర్కారు కర్ర పట్టుకుంటే ఊరి పని వెట్టిగా మారిపోతుందన్న భయం నాది. చదువుకునే ఓ కుర్రాడు ఇంగ్లీషులో మాట కలిపితే ఆ మాటే అడిగాను, జరిమానా లేకపోతే వస్తావా అని. కాసేపు ఆలోచించి, "పనికి ఒక్కోసారి మానేస్తానేమో. తర్వాత జరిగే సమావేశానికి మాత్రం వస్తాను" అన్నాడు.

ఎందుకన్నాడో కాసేపట్లో తెలిసింది. పని ముగిశాక చెట్టు నీడన అందరూ కూర్చున్నారు, చాలామంది గడ్డి మీదే. పేట పెద్ద ఆరోగ్య బీమా చందా కట్టనివాళ్ళని గుర్తుచేశాడు. రాత్రి గస్తీ గురించి ఒకాయన తగువు పడ్డాడు. తర్వాత ఆ కుర్రాడు లేచాడు. పై వీధి నీళ్ళు వాళ్ళ ఇంటి గోడని తొలిచేస్తున్నాయట. పై వీధివాళ్ళు అక్కడే ఉన్నారు, తప్పు తమది కాదన్నారు. వాదన పెరిగింది, గొంతులు లేచాయి. అన్నయ్య నా చెవిలో తెలుగులో చెబుతూనే ఉన్నాడు. చివరికి వచ్చే నెల ఆఖరి శనివారం రెండు వీధులవాళ్ళూ కలిసి ఆ గోడ వెనక కొత్త కాలువ తవ్వాలని, రాళ్ళు పై వీధివాళ్ళు మోసుకురావాలని తీర్మానించారు. రాళ్ళెన్ని కావాలో లెక్క చూడటానికి ఆ కుర్రాడూ, అప్పటిదాకా అతనితో వాదించినాయనా వాలు ఎక్కి వెళ్ళారు.