రెండు సెకన్ల మౌనం

మాఘమాసం పెళ్లిళ్లు అయిపోయాయి. హన్మకొండలోని ఆ చిన్న ఫొటో స్టుడియోకు అసలు పని అప్పుడే మొదలవుతుంది. ఏడు పెళ్లిళ్ల వీడియోలు ఎడిట్ కావాలి. సరిగ్గా అప్పుడే కంప్యూటర్ మొరాయించింది. రెండరింగ్ సగంలో ఉండగా తెర నల్లబడుతుంది. కొన్ని క్షణాలకు మళ్లీ వెలుగుతుంది కానీ, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మూతపడి ఉంటుంది. మూడు గంటల పని గంగపాలు. డిస్‌ప్లే డ్రైవర్ స్పందించడం మానేసి తిరిగి కోలుకుందన్న ముక్క మాత్రం విండోస్ చిట్టాలో 4101 నంబరుతో నమోదవుతుంది.

నేరస్తుడెవరో యజమానికి వెంటనే తెలిసిపోయింది. సంక్రాంతి సెలవులకు వచ్చిన కొడుకు దాంట్లోనే గేమ్స్ ఆడాడు మరి. "నీ ఆటలతోనే కార్డు పాడైంది" అని ఫోన్లో దులిపేశారు. హాస్టల్లో ఉన్న కుర్రాడు వాదించలేదు. ఆ తర్వాత ఫోన్ చేయడమే మానేశాడు.

డ్రైవర్ అంటే విండోస్‌కూ గ్రాఫిక్స్ కార్డుకూ మధ్య దుబాసీ. 2007లో మార్కెట్లోకి వచ్చిన విస్టా నుంచి విండోస్‌ది ఒకటే పద్ధతి. అప్పగించిన పనికి మామూలుగా రెండు సెకన్లలో బదులు రాకపోతే కార్డును, డ్రైవర్‌ను రీసెట్ చేస్తుంది. కంప్యూటర్ మొత్తం స్తంభించకుండా ఇదో ఏర్పాటు. అంటే, బదులు రాలేదన్న సంగతే ఆ సందేశంలో ఉంటుంది. ఎందుకు రాలేదో ఉండదు.

యజమాని కొత్త డ్రైవర్ వేశారు. లాభం లేదు. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి దాన్ని పూర్తిగా తుడిచేసి పాతది వేశారు. మార్పు లేదు. మన దేశంలో సర్వరోగ నివారిణి అయిన ఫార్మాటింగూ అయింది. క్యాబినెట్ తెరిచి, ఫ్యాన్లకు పట్టిన దుమ్ము బ్రష్‌తో దులిపారు. వేడి తగ్గింది, క్రాష్‌లు తగ్గలేదు. షాపులో చూపిస్తే కార్డు పోయింది, కొత్తది కొనమన్నారు. దాని ధర రెండు పెళ్లిళ్ల సంపాదన.

అప్పుడాయన ఆర్డర్ల పుస్తకం చివరి పేజీలో క్రాష్ అయిన ప్రతిసారీ టైము, చేస్తున్న పని రాయడం మొదలుపెట్టారు. నాలుగు రోజుల్లో సంగతి బయటపడింది. ఫొటోలు దిద్దేటప్పుడు ఒక్కసారీ కాలేదు. అన్నీ భారీ రెండరింగ్‌లోనే. కార్డును మేనల్లుడి కంప్యూటర్‌లో పెట్టి అదే వీడియో రెండర్ చేశారు. రెండు రోజులు నిక్షేపంగా నడిచింది.

ఇక మిగిలింది కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్. మదర్‌బోర్డు స్లాట్ నుంచి కార్డుకు అందేది గరిష్ఠంగా 75 వాట్లు. మిగతాది ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే ప్రత్యేక వైర్ల ద్వారా అందాలి. ఈ ఎస్‌ఎంపీఎస్ ఎనిమిదేళ్ల నాటిది. కార్డుకు సరిపడే వైరు లేక, కన్వర్టర్‌తో అతుకు వేసింది యజమానే. కార్డు బలమంతా ఉపయోగించాల్సిన వేళ కరెంటు చాలడం లేదు.

సికింద్రాబాద్ నుంచి కొత్త ఎస్‌ఎంపీఎస్ తెప్పించి బిగించారు. పదకొండు రోజులు గడిచాయి. ఆర్డర్ల పుస్తకం చివరి పేజీలో కొత్త గీత పడలేదు. ఆ రాత్రి ఆయనే ఫోన్ చేశారు.

"ఒరేయ్, నీ గేమ్స్ వల్ల కాదురా. వైరు నేనే తప్పు పెట్టిన."

అవతల కాసేపు చప్పుడు లేదు. రెండు సెకన్ల కంటే ఎక్కువే.

"అన్నం తిన్నవా నాన్నా?" అన్నాడు కొడుకు.